పెదవి రంగు

పెదవి రంగు లేదా లిప్‌స్టిక్ పెదవులకు రంగు, మెరుపు, మృదుత్వం కలిగించడానికి వాడే సౌందర్య సాధనం. మైనాలు, నూనెలు, రంగు పదార్థాలు దీనిలోని మూడు ప్రధాన భాగాలు. వీటికి తోడు కొద్దిపాటి సువాసన ద్రవ్యాలు, నూనె చెడిపోకుండా కాపాడే పదార్థాలు, పూరకాలు ఉంటాయి. ఒంటికి రాసుకొనే ఇతర సాధనాలకు, పెదవి రంగుకు ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. పెదవులకు పూసినదానిలో కొంత భాగం తిండితో, నీటితో, నాలుకతో కడుపులోనికి పోతుంది. పైగా పెదవి చర్మం పలుచనైనది, దానికి నూనె గ్రంథుల రక్షణ తక్కువ. అందువలన దీనిలోని పదార్థాలను తెలుసుకోవడం ఆరోగ్య దృష్ట్యా అవసరం.

పెదవి రంగులలో విరివిగా వాడే ఆముదం కర్నూలు ప్రాంతపు మెట్ట పంట. ఇటువంటి సాధనాలలో పూరకాలుగా, రంగులుగా వాడే ఖనిజ జాతులకు చెందిన ముగ్గురాయి, బలపపు రాయి, కావిరాయి ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలలో లభిస్తాయి.

## చరిత్ర

### తాంబూలం, లత్తుక

తెలుగునాట పెదవులు ఎర్రబరచుకొనే ప్రాచీన పద్ధతి తాంబూల సేవనం. తమలపాకు, వక్క, సున్నం, కాచు కలిపి నమిలినపుడు నోరు, పెదవులు ఎర్రబారుతాయి. వక్కలోను, కాచులోను ఉండే టానిన్ జాతి పదార్థాలు సున్నపు క్షారగుణం వలన గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఎరుపు రంగుగా మారడం దీనికి కారణం. ఆకు ఒక్కటే నమిలితే నోరు ఎర్రబడదు. కడప జిల్లాలో పెన్నా తీరాన ఉన్న చెన్నూరు తమలపాకు తోటలకు పేరుపొందినది. తెలుగునాట ఈ తీగను అవిశె చెట్లకు ప్రాకించడం వాడుక.

తాంబూలపు ఎరుపు సహజమైనదే అయినా హానిలేనిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు కలపని తాంబూలం కూడా ఈ వర్గంలోనే ఉన్నది.

రెండవ ప్రాచీన పదార్థం లత్తుక. ఇది లక్క పురుగుల నుండి వచ్చే ఎర్రని రంగు. స్త్రీలు పాదాలకు, పెదవులకు లత్తుక పూసుకొనడం సంస్కృత, తెలుగు కావ్యాలలో తరచు కనిపించే వర్ణన. నేటి లిప్‌స్టిక్ పరిశ్రమలో వాడే 'లేక్' అనే మాట కూడా లక్క అనే భారతీయ పదం నుండి పారశీకం మీదుగా ఐరోపా భాషలకు చేరినదే.

### రంగస్థల వేషధారణ

రాయలసీమలో వీధి నాటకాలు, తోలుబొమ్మలాట, పౌరాణిక నాటకాలు బాగా వ్యాప్తిలో ఉండేవి. తెలుగు రంగస్థల చరిత్రలో ప్రసిద్ధమైన సురభి నాటక సమాజం 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో పుట్టింది. పూర్వం తెలుగు నాటకాలలో వేషానికి సఫేదా, అర్దళం, ఇంగిలీకం వంటి పొడులను నూనెతో కలిపి వాడేవారు. రసాయన దృష్ట్యా అర్దళం, అనగా హరితాళం, ఆర్సెనిక్ సల్ఫైడు. ఇంగిలీకం పాదరసపు సల్ఫైడు. సిందూరం పేరుతో వాడే నారింజ ఎరుపు పొడి సీసపు ఆక్సైడు. ఖనిజాలు, మూలికల నుండి వచ్చిన ప్రతి రంగు సురక్షితమైనదే అనే అభిప్రాయం సరి కాదని చెప్పడానికి ఇవి తగిన ఉదాహరణలు.

### ఆధునిక లిప్‌స్టిక్

ఐరోపాలో 19వ శతాబ్దపు చివరి భాగంలో ఫ్రాన్సు దేశపు పరిమళ ద్రవ్యాల సంస్థలు పెదవి రంగును వ్యాపార సరళిలో తయారు చేయసాగాయి. 1915 ప్రాంతంలో లోహపు గొట్టంలో అమర్చిన లిప్‌స్టిక్, 1923లో తిప్పితే పైకి వచ్చే గొట్టం అమెరికాలో వచ్చాయి. సులభంగా చెరగని లిప్‌స్టిక్‌ను రసాయన శాస్త్రవేత్త హేజెల్ బిషప్ 1950లో మార్కెట్‌లోకి తెచ్చింది. భారతదేశంలో 1952లో టాటా ఆయిల్ మిల్స్ అనుబంధ సంస్థగా లాక్మే ప్రారంభమైంది. 1990వ దశకంలో అది హిందుస్తాన్ లీవర్ చేతికి వచ్చింది.

## ప్రధాన పదార్థాలు

సంప్రదాయ కడ్డీ లిప్‌స్టిక్‌లో బరువు ప్రకారం సగానికి పైగా నూనెలు, కొవ్వు పదార్థాలు ఉంటాయి. మైనాలు ఐదవ వంతుకు అటూ ఇటూగా, రంగులు సాధారణంగా పదవ వంతు లోపుగా ఉంటాయి.

### మైనాలు

కడ్డీకి రూపాన్ని, గట్టితనాన్ని ఇచ్చేవి మైనాలు. ఏ ఒక్క మైనమూ అన్ని గుణాలనూ ఇవ్వలేదు కనుక రెండు మూడు మైనాలను కలిపి వాడతారు. మైనం తక్కువైతే కడ్డీ వంగుతుంది, ఎక్కువైతే విరుగుతుంది, పెదవిపై సాఫీగా జారదు.

| మైనం | లభించే చోటు | కరిగే ఉష్ణోగ్రత (సెల్సియస్) | గుణం |
|---|---|---|---|
| తేనె మైనం | తేనె పట్టు | 62–64 | నూనెను పట్టి ఉంచుతుంది, సాగే గుణం ఇస్తుంది |
| క్యాండెలిల్లా | మెక్సికో ఎడారి మొక్క | 68–73 | గట్టితనం, మెరుపు |
| కార్నౌబా | బ్రెజిల్ తాటి జాతి చెట్టు ఆకులు | 82–86 | వేడిని తట్టుకొనే శక్తి |
| పారాఫిన్ | ముడి చమురు | రకాన్ని బట్టి సుమారు 50–65 | చవక, పెళుసుదనం |

క్యాండెలిల్లా మొక్క, ఆముదపు మొక్క ఒకే కుటుంబానికి (యుఫోర్బియేసి) చెందినవి. రెండూ నీటి ఎద్దడిని తట్టుకొనేవే. జంతు సంబంధమైన పదార్థాలు వద్దనుకొనేవారి కోసం చేసే రకాలలో తేనె మైనానికి బదులు క్యాండెలిల్లాను వాడతారు.

### నూనెలు, ఆముదం

లిప్‌స్టిక్‌లో వాడే నూనెలలో ఆముదానిది ప్రత్యేక స్థానం. ఆముదపు నూనెలోని కొవ్వు ఆమ్లాలలో సుమారు 85 నుండి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లం. ఈ ఆమ్లపు అణువులో ఉన్న హైడ్రాక్సిల్ సమూహం వలన ఆముదం ఇతర వంటనూనెల కంటే చాలా చిక్కగా ఉంటుంది. దీని వలన మూడు ప్రయోజనాలు ఉన్నాయి. ఒకటి, రంగు పొడి అడుగుకు దిగకుండా నూనె అంతటా సమంగా నిలుస్తుంది. రెండు, ఇతర నూనెలలో కరగని ఇయోసిన్ జాతి రంగులు దీనిలో కొంత కరుగుతాయి. మూడు, పెదవిపై మెరిసే పొరగా నిలిచి త్వరగా ప్రక్కలకు పాకదు. నూనె జిగట, ఒక విధమైన వాసన దీని లోపాలు. శుద్ధి చేసి, వాసన తొలగించిన ఆముదాన్నే ఈ పరిశ్రమలో వాడతారు.

ఆముదపు గింజలో రిసిన్ అనే విషపు ప్రోటీను ఉన్నది. అది నూనెలో కరగదు. గింజలను గానుగ ఆడినపుడు పిండిలో మిగిలిపోతుంది, నూనెలో జాడలు ఉన్నా శుద్ధి చేసేటపుడు వేడికి నశిస్తుంది. అందువలన లిప్‌స్టిక్‌లో ఆముదం ఉన్నదని భయపడనవసరం లేదు. అరుదుగా కొందరికి రిసినోలియిక్ ఆమ్లం పడక పెదవులు పొక్కడం వైద్య గ్రంథాలలో నమోదైనది.

ఆముదం కాక ఖనిజ నూనె, గొర్రె ఉన్ని నుండి తీసే లానొలిన్, పెట్రోలియం జెల్లీ, కొబ్బరి నూనె, జొజోబా నూనె, సిలికోన్ ద్రవాలు కూడా వాడతారు.

### రంగు పదార్థాలు

'''ఐరన్ ఆక్సైడులు:''' ఎరుపు, పసుపు, నలుపు రంగులలో లభిస్తాయి. ఇవి ఎండకు వెలిసిపోవు. ఇటుక, గోధుమ ఛాయలకు ఇవి ఆధారం. రాయలసీమ ఇళ్లలో గడపలకు, గోడలకు పూసే జాజు కూడా ఐరన్ ఆక్సైడు జాతిదే. కాని భూమిలో దొరికిన రాయిలో సీసం, ఆర్సెనిక్ వంటి మాలిన్యాలు ఉండవచ్చు. ఈ కారణం చేతనే అమెరికా నిబంధనలు సౌందర్య సాధనాలలో కృత్రిమంగా తయారు చేసిన ఐరన్ ఆక్సైడులనే అనుమతిస్తాయి. రసాయన సూత్రం ఒకటే అయినా శుద్ధత వేరు.

'''టైటానియం డయాక్సైడు:''' తెల్లని పొడి. ఎరుపుతో కలిపితే గులాబి ఛాయలు వస్తాయి. రంగుకు కప్పే శక్తిని ఇస్తుంది.

'''లేక్‌లు:''' నీటిలో కరిగే రంగును అల్యూమినియం, కాల్షియం లేదా బేరియం లవణంతో బంధించి, కరగని పొడిగా మార్చితే దానిని లేక్ అంటారు. కరగదు కనుక లాలాజలం తగిలినా సులభంగా కారిపోదు. ప్రకాశవంతమైన ఎరుపు, గులాబి రంగులు ఎక్కువగా లేక్‌ల వలన వచ్చేవే.

'''ఇయోసిన్ జాతి రంగులు:''' ఇవి పెదవి చర్మంలోని ప్రోటీనులతో కలిసి మరకగా నిలుస్తాయి. కడ్డీలో నారింజ రంగుగాను, రంగు లేకుండాను కనిపించి, పెదవికి తగలగానే గులాబి రంగుగా మారే లిప్‌స్టిక్‌లలో ఉండేవి ఇవే. ఈ మార్పుకు కారణం పెదవిపై ఉన్న తేమ, ఆమ్ల క్షార గుణాలలోని తేడా. ఇయోసిన్ వాడినవారిలో కొందరికి ఎండ తగిలినపుడు పెదవులు వాచి, నల్లబడడం 20వ శతాబ్దపు తొలినాళ్ల నుండి వైద్యులు గమనించినదే.

'''కార్మైన్:''' నాగజెముడు జాతి మొక్కలపై పెరిగే కొచినీల్ పురుగుల నుండి తీసే ఎరుపు. దీని ప్రధాన ఉత్పత్తిదారు పెరూ. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ ఈ పరిశ్రమను భారతదేశంలో నెలకొల్పాలని పురుగులను తెప్పించింది. వచ్చినది అసలు కొచినీల్ కాదు, దానికి దగ్గరి జాతి. దాని నుండి ఆశించిన రంగు రాకపోగా అది నాగజెముడులోని ఒక జాతిని తినివేసింది. తరువాతి కాలంలో నాగజెముడును అదుపు చేయడానికి ఇటువంటి పురుగులనే కావాలని వదలిపెట్టారు. కార్మైన్ శాకాహారుల నియమాలకు సరిపడదు, కొందరిలో ఎలర్జీ కలిగిస్తుంది.

'''జాఫ్రా:''' జాఫ్రా గింజల పైపొర నుండి తీసే నారింజ ఎరుపు. ఆంగ్లంలో ఈ చెట్టును లిప్‌స్టిక్ చెట్టు అని కూడా పిలుస్తారు. వెలుతురుకు త్వరగా వెలిసిపోవడం దీని లోపం.

### పూరకాలు, ఇతర పదార్థాలు

మైకా రేకులపై టైటానియం డయాక్సైడు పొర వేస్తే ముత్యపు మెరుపు వస్తుంది. టాల్కం, సిలికా, కేయోలిన్ మెరుపును తగ్గిస్తాయి. బేరియం సల్ఫేటు కొన్ని లేక్‌లకు ఆధారంగా ఉంటుంది. నూనె ముక్కిపోకుండా విటమిన్-ఇ లేదా బి.హెచ్.టి. కలుపుతారు. కడ్డీ లిప్‌స్టిక్‌లో నీరు దాదాపు ఉండదు కనుక సూక్ష్మజీవులు పెరిగే అవకాశం తక్కువ. నీరు కలిసిన ద్రవ రకాలకే సంరక్షకాల అవసరం ఎక్కువ.

## రాయలసీమలో ముడి పదార్థాలు

ప్రపంచంలో ఆముదపు పంటలో భారతదేశానిది మొదటి స్థానం. దేశంలో గుజరాత్ ముందున్నది. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ప్రాంతాలలో వర్షాధారపు నేలలలో ఆముదాన్ని పండిస్తారు. పత్తి, వేరుశనగలతో పాటు ఆముదాలకు ఆదోని మార్కెట్ యార్డు ముఖ్యమైన విక్రయ కేంద్రం. క్రాంతి, హరిత వంటి రకాలు తెలంగాణలోని పాలెం పరిశోధన స్థానం నుండి వచ్చినవి. దాసరి పురుగు, గెల దశలో ముసురు పడితే వచ్చే బూజు తెగులు ఈ పంటకు ప్రధాన శత్రువులు. గింజలను వేయించి, దంచి, నీటిలో ఉడికించి తీసే వంటాముదాన్ని పగిలిన పెదవులకు రాయడం పల్లెలలో పాత వాడుక. రైతు గింజలుగా అమ్మిన పంట శుద్ధి చేసిన నూనెగా, హైడ్రోజనీకరించిన ఆముదపు మైనంగా మారిన తరువాతనే అధిక విలువను పొందుతుంది.

ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటలో ప్రపంచపు అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాలలో ఒకటి ఉన్నది. ముగ్గురాయి, అనగా బెరైటీస్, సహజమైన బేరియం సల్ఫేటు. ఇక్కడి ఖనిజం ప్రధానంగా చమురు బావుల త్రవ్వకానికి పోతుంది. సౌందర్య సాధనాలలో వాడేది అవక్షేప పద్ధతిలో తయారైన శుద్ధ రూపం.

ఉమ్మడి కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల, డోన్ పరిసరాలలో బలపపు రాయి, కావిరాయి జాతి ఖనిజాలు లభిస్తాయి. బలపపు రాయిని మెత్తగా పొడి చేస్తే టాల్కం అవుతుంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె వద్ద, క్రైసోటైల్ రకపు ఆస్‌బెస్టాస్ ఖనిజం ఉన్నది. డోలమైటు శిలలలోనికి అగ్నిశిలలు చొచ్చుకొనిపోయిన చోట ఇది ఏర్పడింది. ఇటువంటి పరిస్థితులలోనే బలపపు రాయి కూడా ఏర్పడవచ్చు. కనుక ఏ దేశంలోనైనా సౌందర్య సాధనాలకు వాడే టాల్కంలో ఆస్‌బెస్టాస్ నారలు లేవని పరీక్షించవలసి ఉన్నది. భారత ప్రభుత్వం 1986 నుండి ఆస్‌బెస్టాస్‌కు కొత్త గనుల లీజులు, 1993 నుండి పాత లీజుల పునరుద్ధరణ నిలిపివేసింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్కంను క్యాన్సర్ కలిగించే అవకాశం గల పదార్థాల వర్గంలో చేర్చింది.

## రకాలు, వాటి పోలిక

* '''క్రీము రకం:''' నూనె, మైనం తగిన పాళ్లలో ఉంటాయి. ఆముదం ఎక్కువ. పెదవులు ఎండవు, కాని రంగు కప్పులకు అంటుకొంటుంది.
* '''మ్యాట్ రకం:''' నూనె తక్కువ, రంగు, సిలికా వంటి పొడులు ఎక్కువ. ఎక్కువసేపు నిలుస్తుంది. పొడి వాతావరణంలో పెదవులు పగిలే అవకాశం ఉన్నది.
* '''గ్లాస్:''' పాలిబ్యూటీన్ వంటి జిగురు ద్రవాలు ప్రధానం. మెరుపు ఎక్కువ, రంగు తక్కువ. దుమ్ము అంటుకొంటుంది.
* '''చెరగని ద్రవ రకం:''' ఐసోడోడెకేన్ అనే ఆవిరైపోయే ద్రవంలో సిలికోన్ రెసిన్, రంగు కలిపి ఉంటాయి. ద్రవం ఆరిన తరువాత పలుచని పొర మిగులుతుంది. తొలగించడానికి నూనె కావాలి.
* '''లిప్ బామ్:''' రంగు నామమాత్రం. తేమ ఆరిపోకుండా కాపాడడం దీని పని. కర్పూరం, మెంథాల్ ఉన్న రకాలు చల్లగా అనిపించినా కొందరిలో మంట కలిగిస్తాయి.

## తయారీ విధానం

ముందుగా రంగు పొడిని ఆముదంలో కలిపి మూడు రోలర్ల యంత్రంలో నూరుతారు. పొడిలోని గడ్డలు పూర్తిగా విడిపోకపోతే పెదవిపై గరుకుగా తగులుతుంది. మైనాలను వేరుగా కరిగించి, సుమారు 80–90 డిగ్రీల వద్ద రంగు ముద్దతో కలుపుతారు. గాలి బుడగలు తొలగించి, సువాసన కలిపి, అచ్చులలో పోసి త్వరగా చల్లారుస్తారు. నెమ్మదిగా చల్లారితే మైనపు పలుకులు పెద్దవై కడ్డీ ఉపరితలం మొరటుగా ఉంటుంది. చివరగా కడ్డీపై క్షణకాలం మంట చూపితే పైపొర కరిగి మెరుపు వస్తుంది.

## ఎండ ప్రభావం

కర్నూలు, నంద్యాల, కడపలలో వేసవి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీలను దాటుతాయి. ఎండలో నిలిపిన వాహనం లోపల వేడి అంతకంటే ఎంతో ఎక్కువ. ఆ వేడికి కడ్డీ పూర్తిగా కరగకపోయినా మైనపు అల్లికలో నుండి నూనె బయటికి వచ్చి, పైన చెమట బిందువుల వలె కనిపిస్తుంది. పలుమార్లు వేడెక్కి చల్లారిన కడ్డీలో నూనె త్వరగా ముక్కిపోతుంది. వాసన మారినా, రుచి చేదుగా ఉన్నా వాడరాదు. వేడి ప్రాంతాలకు కార్నౌబా మైనం ఉన్న రకాలు అనువైనవి.

## లేబులు చదివే విధానం

భారత నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుండి తక్కువకు వరుసగా ముద్రించాలి. ఒక శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నవాటిని వాటి తరువాత ఏ వరుసలోనైనా వేయవచ్చు. కాబట్టి జాబితాలోని మొదటి ఐదారు పేర్లే ఆ వస్తువు స్వభావాన్ని తెలుపుతాయి. చివరలో కనిపించే బాదం నూనె, తేనె వంటివి ప్రకటనలో ప్రముఖంగా ఉన్నా పరిమాణంలో స్వల్పం కావచ్చు.

| లేబులుపై పేరు | వాడుక పేరు |
|---|---|
| రిసినస్ కమ్యూనిస్ సీడ్ ఆయిల్ | ఆముదం |
| సెరా ఆల్బా | తేనె మైనం |
| కోపర్నీషియా సెరిఫెరా సెరా | కార్నౌబా మైనం |
| పారాఫినం లిక్విడం | ఖనిజ నూనె |
| సి.ఐ. 77491, 77492, 77499 | ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడులు |
| సి.ఐ. 77891 | టైటానియం డయాక్సైడు |
| సి.ఐ. 75470 | కార్మైన్ |
| సి.ఐ. 15850 | కృత్రిమ ఎరుపు, దాని లేక్‌లు |
| సి.ఐ. 45380, 45410 | ఇయోసిన్ జాతి రంగులు |
| సి.ఐ. 77120 | బేరియం సల్ఫేటు |

తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, వాడవలసిన గడువు లేబులుపై ఉండాలి. దిగుమతి అయిన వాటిపై రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. ఇవి లేని సరుకు జాతరలలో, సంతలలో ఎంత చవకగా దొరికినా దానిలోని రంగు ఏమిటో తెలుసుకొనే మార్గం కొనుగోలుదారుకు ఉండదు.

## భద్రత, చట్టాలు

భారతదేశంలో సౌందర్య సాధనాలు 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం క్రిందికి వస్తాయి. వీటికి ప్రత్యేకంగా సౌందర్య సాధనాల నిబంధనలు 2020 డిసెంబరులో వెలువడ్డాయి. లిప్‌స్టిక్‌కు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 9875. అనుమతించిన రంగుల జాబితా ఐ.ఎస్. 4707లో ఉన్నది. సేంద్రియ రంగులలో సీసం 20 పి.పి.ఎం.కు, ఆర్సెనిక్ 2 పి.పి.ఎం.కు మించరాదు. జంతువులపై సౌందర్య సాధనాల పరీక్షలను భారతదేశం 2014లో నిషేధించింది.

లిప్‌స్టిక్‌లో సీసాన్ని ఎవరూ కావాలని కలపరు. ఖనిజ రంగులలోను, పూరకాలలోను మాలిన్యంగా వస్తుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 400 లిప్‌స్టిక్‌లను పరీక్షించగా సగటు 1.11 పి.పి.ఎం., గరిష్ఠం 7.19 పి.పి.ఎం. సీసం కనిపించింది. ఆ సంస్థ 2016లో 10 పి.పి.ఎం. పరిమితిని ప్రతిపాదించింది. సీసం శరీరంలో పేరుకొనే గుణం కలది కనుక గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో జాగ్రత్త అవసరం.

బంగారు ఉంగరంతో లిప్‌స్టిక్‌పై గీస్తే నల్లబడినచో సీసం ఉన్నట్లని 2000వ దశకంలో ఈ-మెయిళ్ల ద్వారా ప్రచారం జరిగింది. ఇది నిజం కాదు. కొన్ని లోహాలు మైనంపై రాపిడి వలన నల్లని గీత వదలుతాయి, దానికి సీసంతో సంబంధం లేదు. సీసాన్ని ప్రయోగశాలలోనే కొలవగలరు.

పెదవులు మండడం, పొక్కులు రావడం, అంచులు నల్లబడడం కనిపిస్తే వాడకం ఆపి, లేబులుతో సహా చర్మవైద్యుని సంప్రదించాలి. సువాసన ద్రవ్యాలు, లానొలిన్, కార్మైన్, ఇయోసిన్, ప్రొపైల్ గాలేట్ తరచుగా ఎలర్జీ కలిగించేవి. ఒకరు వాడిన లిప్‌స్టిక్ మరొకరు వాడితే పెదవులపై పుండ్లు కలిగించే హెర్పిస్ వైరస్ సోకే అవకాశం ఉన్నది.

## ఇవి కూడా చూడండి

* ఆముదం
* తమలపాకు
* లక్క
* జాఫ్రా
* బెరైటీస్
* మంగంపేట
* సురభి నాటక సమాజం